చుక్కపెయ్య మెడలో పెద్దావు గంట

మా చిన్నప్పుడు ఇంట్లో కూర్చుని చూడ్డానికి గొడ్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఈ మాట అంటే మా మనవరాలు నావైపు జాలిగా చూస్తుంది కానీ, అంత జాలి పడాల్సిన అవసరం లేదు. బస్తరు రాజ్యం ఇంకా రాజ్యంగానే ఉన్న ఆ రోజుల్లో, కొంటాకి ఎగువన శబరి ఒడ్డున మాదొక ఏడిళ్ళ పల్లె. ఏటికి ఇవతల రాజుగారి ఏలుబడి, అవతల ఇంగ్లీషువాళ్ళ సర్కారు. (దోమలు మాత్రం రెండు వైపులా ఒకటే.) మా ఇల్లు ఊరి చివర మెట్ట మీద ఉండేది. అరుగు మీద కూర్చుంటే ఎడమవైపు కొట్టం, ఎదురుగా గొడ్లు పోయే బాట, బాట చివర ఏరు, ఏటి అవతల ఇంకో దేశం కనిపించేవి. అన్నిటినీ ఒక్కచోట కూర్చుని చూసే భాగ్యం నాకు పదకొండో ఏట, తునికిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాక కలిగింది.

చెట్టు ఎక్కొద్దని నాయనమ్మ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పేలోగా దిగాను, నేను అనుకున్న దారిలో కాకపోయినా. ఎముకలు కట్టే ముసలాయన వచ్చి, ఏదో ఆకు నూరి పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టి, "తొలకరి పడేదాక కాలు కింద పెట్టొద్దు" అని వెళ్ళిపోయాడు. నాన్న ఆ వేసవిలో రాజ్యం అధికారుల క్యాంపు సామాన్లు మోయడానికి వెట్టికి వెళ్ళాడు. అమ్మకి ఇంటి పని, పొలం పని రెండూ మీద పడ్డాయి. అందుకని నన్ను నులకమంచంతో సహా అరుగు మీద పడేసి, గొడ్లనీ కోళ్ళనీ చూస్తుండమన్నారు. ఆ పనిని నేను ఎంత గొప్ప ఉద్యోగంగా తీసుకున్నానంటే, వారం తిరిగేసరికి మా తాత నన్ను "కుంటి దొరసాని" అని పిలవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చి, "ఏంది దొరసానీ, ఇయ్యాల కచేరీల ఏం ఫిర్యాదులు?" అని అడిగేవాడు.

ఫిర్యాదులు బోలెడుండేవి. మా పుంజు కూసిన ప్రతిసారీ ఎవరైనా విన్నారా లేదా అని మెడ తిప్పి చూసుకునేది. ఎవరూ వినకపోతే మళ్ళీ మొదటినుంచి కూసేది. అవతలింటి మేక రోజూ ఏడిళ్ళూ ఒకే వరసలో తిరిగి, ఎవరింట్లో ఏ పాదు ఎంతవరకు ఎదిగిందో నోటితోనే కొలిచి వచ్చేది. మా అరక ఎద్దులు మైలోడూ, కర్రోడూ పనిలో ఎంత సఖ్యంగా ఉండేవో, కొట్టంలో గడ్డి దగ్గర అంత పగవాళ్ళలా ఉండేవి. ఇవన్నీ నేను తాతకి పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా గొడ్ల సంగతి నాకన్నా ఎరిగినవాళ్ళు శబరి ఒడ్డున లేరని నాకే గట్టి నమ్మకం ఏర్పడింది. ఆ నమ్మకమే ఊరి మీదకి ముప్పు తెచ్చింది.

మా ఊరి మందని నడిపే ఆవు మాది. ఎర్రటి ఒళ్ళు, విశాలమైన కొమ్ములు, తొందరంటూ ఎరగని నడక. ఊరంతా దాన్ని పెద్దావు అనేవాళ్ళు. దాని మెడలో మా ముత్తాత గుమ్ముడుటేకు మొద్దుని తొలిచి చేసిన కొయ్య గంట ఉండేది. లోపల రెండు కొయ్య నాలుకలు వేలాడుతూ, నడిచినప్పుడల్లా 'టొక్కు టొక్కు' మనేది. మిగతా గొడ్లకీ చిన్నాచితకా గంటలున్నా, అడవిలో మంద చెదిరిపోకుండా నడిచేది మాత్రం ఈ గంట వెంటే. మా ఊరి గొడ్లకాపరిది దోర్ల తెగ. మండే ఎండల్లోనూ గొంగడి తీయడు కాబట్టి పిల్లలమంతా గొంగడి మామ అనేవాళ్ళం. గంట మోగే దిక్కున మంద నడిచేది, మంద నడిచే దిక్కున మామ నడిచేవాడు. మధ్యాహ్నం చెట్టు కింద కళ్ళు మూసుకున్నా, చెవి మాత్రం ఆ టొక్కుటొక్కు మీదే ఉంచేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అలా పడుకుని ఒక్క దూడని కూడా పోగొట్టలేదని ఆయన పేరు.

పోగొట్టకపోయినా, రోజూ వెతుక్కోవాల్సింది మాత్రం ఒకటుండేది. నుదుట తెల్లచుక్క ఉన్న పెయ్య, మా ఇంటిదే, తల్లి చచ్చిపోయింది. పెద్దావు తూర్పుకి పోతే అది పడమటికి పోయేది. రోజూ సాయంత్రం మామ దాన్ని ఏ పొదలోంచో చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు. "ఈ చుక్కదానికి తల్లి లేకపాయె, బుద్ధి లేకపాయె" అని నాయనమ్మ తిట్టేది. నాకు మాత్రం చుక్క అంటే ప్రాణం. నేను కదల్లేనని దానికి ఎలా తెలిసిందో గానీ, మంద కదిలేముందు, తిరిగి వచ్చాక అరుగు దగ్గరికొచ్చి మంచం మీద తల పెట్టేది. నేను నిమురుదామని అనుకునే లోపల నా పళ్ళెంలోది నాకేసేది. ఎండబెట్టిన ఇప్పపువ్వంటే మరీ పిచ్చి. చాటలో ఇప్పపువ్వు పెట్టుకుని నేను తింటుంటే పక్కనుంచి మూతి దూర్చేది. "ఓసి దొంగదానా, నీ మూతి పగలా" అని అరిస్తే, తిట్టినంతసేపూ చెవులు నిక్కించి వినేది.

కాలికి బద్దలు కట్టిన నాలుగో వారంలో నాకో ఆలోచన వచ్చింది. (ఖాళీగా ఉన్న మనిషికి ఆలోచన వస్తే ఇంట్లోవాళ్ళు జాగ్రత్తపడాలి. మావాళ్ళు పడలేదు.) పెద్దావు గంట అంచు పగిలి, గొంతు జీరబోయింది. అంత గొప్ప ఆవుకి అంత పాత గంట ఏమిటి? అటు చూస్తే, రోజూ తప్పిపోయే చుక్కకి గంటే లేదు. తప్పిపోనిదానికి గంట కట్టి, తప్పిపోయేదాన్ని ఒట్టి మెడతో వదిలేయడం ఏం న్యాయం? ఇంత చిన్న సంగతి పెద్దవాళ్ళకి ఇన్నేళ్ళుగా తట్టనందుకు నాకు ఆశ్చర్యం వేసింది. తాతని బతిమాలి గుమ్ముడుటేకు ముక్కలు, చిన్న ఉలి, కత్తి తెప్పించుకున్నాను. "ఆడపిల్లకి ఉలి ఎందుకయ్యా" అని నాయనమ్మ అంటే, "చేతులు ఊకుంటే కాలు ఊకోదు, చేసుకోనీ" అన్నాడు తాత. మొదటి గంట చీలిపోయింది. రెండోది బాతు అరిచినట్టు అరిచింది. మూడోది మాత్రం, నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, ఖణీమంది. ఇప్పటికీ ఆ గంటకి వంక పెట్టనివ్వను. తప్పంతా దాన్ని కట్టిన మెడది.

మర్నాడు తెల్లవారుజామునే తాత చేను కంచె కట్టడానికి వెళ్ళాడు. అమ్మ నీళ్ళకి పోయింది. నాయనమ్మకి ఒక చెవి వినపడదు, రెండో చెవికి ఓపిక లేదు. గొంగడి మామ వాకిట్లో గొంతుక్కూర్చుని జావ తాగుతున్నాడు. పెద్దావు అలవాటు ప్రకారం అరుగు దగ్గరికి గంగడోలు గోకించుకోవడానికి వచ్చింది. గోకుతూ గోకుతూ పాత గంట విప్పి, నా కొత్త గంట కట్టాను. వెనకాలే మూతి చాపుకుని వచ్చిన చుక్క మెడలో పాత గంట వేశాను. మంచం దిగకుండానే ముగించిన ఘనకార్యం అది. మంద బాట పట్టి పోతుంటే రెండు గంటలూ కలిసి మోగాయి. నాకు ఒళ్ళంతా గర్వం పొంగింది. మామ ఒక్క క్షణం ఆగి, తల పక్కకి వంచి, మళ్ళీ ఏమనుకున్నాడో నడిచిపోయాడు. ఇక ఈ సాయంత్రం నుంచి మామకి చుక్కని వెతికే పని తప్పిందని, నాకు ఎంతో కొంత మెప్పు వస్తుందని లెక్కలేసుకుంటూ ఆ పగలంతా గడిపాను.

సాయంత్రం బారెడు పొద్దుండగానే ఖణీ ఖణీమంటూ పెద్దావు వచ్చింది. కుడితి వేళకి అది ఇల్లు చేరాల్సిందే, ఎవరున్నా లేకపోయినా. దాని వెనక ఎవరూ లేరు. దుమ్ము లేదు, దూడల అరుపు లేదు, మామ అదిలింపు లేదు. అది తాపీగా కుడితిగోలెంలో మూతి పెట్టింది. అప్పుడే చేనునుంచి వచ్చిన తాత బాట వైపు చూశాడు, ఆవు మెడ వైపు చూశాడు. "మంద ఏది?" అన్నాడు. "ఎనకొస్తుంది తాతా" అన్నాను నేను, అంతా తెలిసినదానిలా. అలా అంటూనే ఏటి వైపు చూసి నోరు మూసుకున్నాను. అవతలి ఒడ్డున, ఇంగ్లీషువాళ్ళ దేశంలో, ఎర్రగా నల్లగా తెల్లగా చుక్కలు చుక్కలుగా మా ఊరి గొడ్లన్నీ మేస్తున్నాయి. ఇదివరకు తప్పిపోయేది ఒక్కటే. ఇప్పుడు దానితోపాటు ముప్ఫైరెండు.

గొంగడి మామ పరుగెత్తుకుంటూ వచ్చాడు. గొంగడి లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి. "అన్నా, నేను గంట ఎంబడే పోయిన. గంట ఏటికి దిగింది, మంద దిగింది. నేను ఒడ్డుకొచ్చేసరికి అది అవతల మోగుతుంది. ఎన్నడు ఏరు దాటని ఆవు ఇయ్యాల ఎందుకు దాటెనో నాకు ఎరుక గాలె" అన్నాడు. అని, కుడితి తాగుతున్న పెద్దావుని చూసి అక్కడే కూలబడ్డాడు. ఈలోగా ఏడిళ్ళవాళ్ళూ మా వాకిట్లో చేరారు. ఎగువన కొండల మీద మబ్బు కాటుకలా పట్టి ఉంది, ఉండుండి ఉరుముతోంది. అందరికీ తెలిసిన సంగతి ఎవరూ పైకి అనలేదు. ఆ రాత్రి ఎగువన వాన పడితే తెల్లారేసరికి శబరి రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతుంది. ఇక పంట కోతలదాకా గొడ్డు దాటదు. అరక ఎద్దులన్నీ అటుపక్క ఉంటే ఇటుపక్క దుక్కి ఎవరు దున్నాలి? వెళ్ళి వెనకనుంచి తోలుదామంటే బెదిరి ఆ దేశం అడవిలో పడతాయి. ఇక పోయినట్టే.

భయం పట్టినప్పుడు మనుషులకి ఎవరినో ఒకరిని తిట్టుకోవాలనిపిస్తుంది. "ఇప్పసారా తాగి పన్నట్టుండు" అన్నారొకరు. "గంట ఎవనికో అమ్ముకున్నడేమో" అన్నారింకొకరు. "ముసలోడయ్యిండు, ఇగ కాపరిని మార్చాలె" అన్నారు మూడోవారు. మామ తల వంచుకుని, చేతిలోని కర్రని నేల మీద రాస్తూ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ పేరు ఒక్క సాయంత్రంలో పోతోంది. అది నాకు భరించరానిదైంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కుంటికాలి పిల్లని ఎవరు అనుమానిస్తారు? అయినా నోరు ఆగలేదు.

"గంట మార్చింది నేనే" అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. ఇంకా గట్టిగా అరిచాను. "మామ తాగలే, ఏం జేయలే! నేనే మార్చిన. పాతది చుక్కకి కట్టిన. రోజు తప్పిపోతుంది గద, దొరుకుతదని." అందరూ నావైపు తిరిగారు. ఏం చేయాలో తోచక, "కొత్తది మంచిగనే మోగుతుంది" అని కూడా అన్నాను. (అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.) అమ్మ తల కొట్టుకుంది. తాత నా మంచం దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "అయితే మంద పెద్దావు ఎనక లేదు, చుక్క ఎనక ఉన్నది. మరి చుక్క ఎవరి మాట ఇంటది?" అన్నాడు నెమ్మదిగా. ఆ ఊళ్ళో అది ఎవరి మాటా వినదని అందరికీ తెలుసు. "నా మాట ఇంటది" అన్నాను. ఆ మాట మాత్రం అనుమానం లేకుండా అన్నాను.

నులకమంచం నలుగురు భుజాన ఎత్తుకున్నారు. నా ఒళ్ళో చాట, చాటలో ఇప్పపువ్వు. పక్కన తాత, వెనక నాయనమ్మ, ఆ వెనక ఊరు. నలుగురు మంచం మోసుకుని ఏటి వైపు నడుస్తుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో మాకెవరికీ తట్టలేదు. బాట పక్కింటి అవ్వకి చూపు మందం. వాకిట్లోంచి మమ్మల్ని చూసి, "అయ్యో బిడ్డా, చెట్టు మీంచి పడితివి గాని ఇంత పని అయితదనుకోలే బిడ్డా" అని గుండెలు బాదుకుంటూ మా వెంట బయల్దేరింది. నేను లేచి కూర్చుని, "అవ్వా, నేను బానే ఉన్న" అన్నాను. అంతే, అవ్వ కెవ్వుమని అరిచి ఇంట్లోకి పారిపోయి తలుపు వేసుకుంది. అంత ఆపదలోనూ మోసేవాళ్ళకి నవ్వు ఆగక మంచం ఊగిపోయింది. నేను మాత్రం నవ్వలేదు. నా చేతులు చాట అంచుని పట్టుకుని ఉన్నాయి.

రేవు దగ్గర దించారు. నీళ్ళు ఇంకా మొలలోతే, తేటగా ఉన్నాయి. అవతల చుక్క పొద్దున ఎంత నిశ్చింతగా ఉందో అంతే నిశ్చింతగా మేస్తోంది. అది తల ఆడించినప్పుడల్లా ముత్తాత గంట నీళ్ళ మీదుగా వినిపిస్తోంది. నేను చాట ఆడించి, గొంతులో తేనె పోసుకుని, "చుక్కా... మా అమ్మ గద... మా బంగారం గద... రావే తల్లీ" అని పిలిచాను. చుక్క తల ఎత్తింది. చూసింది. మళ్ళీ దించుకుంది. ఇంకోసారి పిలిచాను, ఇంకోసారి. పెద్ద చినుకు ఒకటి నా చేతి మీద పడింది. నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో నిట్టూర్చారు. అంతవరకూ నా జీవితంలో నాకు తెలియనిది లేదనుకున్న నాకు, మొదటిసారి, నేను అనుకున్నది జరగకపోవచ్చునని భయం వేసింది. కళ్ళు నిండిపోయాయి. అవతలి ఒడ్డు కనిపించడం మానేసింది.

అప్పుడు నాయనమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇదేం పిలుపే? నువ్వు ఇంటికాడ దాన్ని ఎన్నడన్న బంగారం అన్నవా? ఇంటికాడ ఎట్ల పిలుస్తవో అట్ల పిలువు." ఊరందరి ముందా? పెద్దవాళ్ళ ముందా? తాత గొంతు సవరించుకుని అటు తిరిగాడు, నాకు వీలుగా. నేను కళ్ళు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, ఇన్ని వారాల కోపమంతా కూడగట్టుకుని అరిచాను. "ఓసి దొంగదానా! నీ మూతి పగలా! నీ కడుపు కాలా! ఊరందరి గొడ్లని ఎంటేసుకుని పరాయి దేశం పోతవే? గంట కడితే గొప్పదాన్ననుకున్నవా? ఇప్పపువ్వంత నేనే తింట, నీకు ఒక్కటి పెట్టను, చూడు!" అని నిజంగానే ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాను. చుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క క్షణం ఆగింది. తర్వాత, తిట్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ దిక్కుకే, గబగబా నీళ్ళలోకి దిగింది. టొక్కు టొక్కు టొక్కు. దాని వెనక ఒకటి, ఆ వెనక రెండు, ఆ వెనక మైలోడూ కర్రోడూ, ఆ వెనక మందంతా. నేను తిట్టడం ఆపితే అదెక్కడ ఆగిపోతుందోనని, చివరి దూడ ఒడ్డెక్కేదాకా ఆపకుండా తిట్టాను. నాకు తెలిసినవి అయిపోతే నాయనమ్మ పక్కనుంచి అందించింది.

చుక్క ఒడ్డెక్కి, నీళ్ళు నా మీద దులిపి, చాట ఖాళీ చేసింది. గొంగడి మామ మందని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, నా దగ్గరికి వచ్చి, తడిచేతిని నా తల మీద పెట్టాడు. "బిడ్డా, నువ్వు చెప్పకపోతే నా మాట ఎవ్వరు నమ్మకపోదురు" అన్నాడు. ఆ చేతి బరువు నాకింకా గుర్తుంది. ఆ రాత్రి ఎగువన వాన పడింది. తెల్లారి అరుగు మీంచి చూస్తే శబరి ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకి, చెట్లని దొర్లించుకుంటూ పోతోంది. తాత ఆ నీళ్ళని చూసి, కొట్టంలో గడ్డి కోసం కొట్లాడుకుంటున్న ఎద్దుల్ని చూసి, చుక్క మెడలోంచి పాత గంట విప్పి పెద్దావు మెడలో కట్టాడు. నా కొత్త గంటని తీసి చూరులో దోపాడు.

పది రోజుల తర్వాత కాలికి కట్టిన బద్దలు విప్పారు. నేను లేచి నాలుగడుగులు వేసి, అయిదో అడుగుకి తునికిచెట్టు వైపు తిరిగాను. "ఆగు దొరసానీ" అన్నాడు తాత. చూరులోంచి ఆ గంట తీసి, తాడు ఎక్కించి, నా మెడలో వేశాడు. "ఇదేంది తాతా?" అంటే, "తప్పిపోయేదానికే గంట కట్టాలని నువ్వే అంటివి గద. నీ న్యాయం నాకు నచ్చింది" అన్నాడు. దసరాదాకా ఊళ్ళో నేను ఎటు వెళ్ళినా ఖణీ ఖణీమని ముందు నా గంట వెళ్ళేది, వెనక నేను వెళ్ళేదాన్ని. ఏ చెట్టూ ఎక్కలేకపోయాను. ఎక్కగానే ఏదో ఒక ఇంట్లోంచి, "దిగు!" అని వినిపించేది. ఎంత ఉడుక్కున్నా, లోలోపల మాత్రం, గంట మంచిగనే మోగుతోందని సంతోషించేదాన్ని.

ఇప్పుడు జగదల్‌పూర్‌లో మా అబ్బాయి ఇంట్లో, మేడ మీద వరండాలో కూర్చుంటాను. నడిరోడ్డు మీద పడుకున్న ఆవులు ఆటోలకి దారి ఇవ్వకపోవడం చూస్తూ పొద్దు పుచ్చుతాను. వాటిలో నుదుట చుక్క ఉన్నది ఒకటుంది, ఎవరూ చూడకుండా దానికి అరటితొక్కలు వేస్తాను. తునికిచెట్టు మీంచి పడి విరిగిన కాలు ఈ వయసులో మళ్ళీ నొప్పి గుర్తుచేస్తుంటే, పోయినేడాది డాక్టరు చేతికర్ర పట్టుకోమన్నాడు. మొదట ససేమిరా అన్నాను. ఇప్పుడు అలవాటైంది. గచ్చు మీద టొక్కు టొక్కుమని మోగుతుంది. మొన్న మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు కదా అని, మెల్లగా లేచి, ఎదురింటివాళ్ళ చెట్టుకి కాసిన జామకాయ ఒకటి మా గోడ మీదకి వంగి ఉంటే దాని కోసం మెట్లు దిగుతున్నాను. మూడో మెట్టు మీద ఉండగానే లోపలినుంచి కోడలు కేకేసింది. "అత్తమ్మా, ఎటు పోతున్నవ్?"

నేను అక్కడే ఆగిపోయి, చేతిలో కర్రని చూసుకున్నాను. తాత ఎప్పుడో ఇచ్చిన తీర్పు ఇంకా అమల్లోనే ఉంది. "ఎటూ పోలేదమ్మా" అని, మెట్ల మీదే కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను.